నడినెత్తి

అమ్మ కాలితో తొక్కిన ప్రతిసారీ కుర్చీ కాస్త పైకి లేస్తోంది. దాంతో పాటే అద్దంలో గువ్వ తల నీళ్ళలోంచి తేలుతున్నట్టు పైకొస్తోంది. ముందు నుదురు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత ఏం చేస్తావో చూస్తానన్నట్టు ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం. ఇవాళ సెలూనుకి సెలవు. తలుపుకి వేలాడే అట్టని అమ్మ ‘మూసి ఉంది’ అన్న వైపు తిప్పింది, కిటికీ తెర సగం లాగింది, వచ్చి గువ్వ మెడ చుట్టూ నల్లగుడ్డ కట్టి, ఎవరికైనా చేసినట్టే మెడకీ గుడ్డకీ మధ్య వేలు దూర్చి బిగుతు చూసింది. ఉన్నదల్లా గంట. ఐదింటికి కొలను దగ్గర ఈత మాస్టారు ఎదురుచూస్తుంటాడు. ఆలోగా ఈ జుట్టంతా వేలి వెడల్పుకి దిగిపోవాలి, తలంతా ఒకే ఎత్తు, ఒక్క పాయ కూడా మిగలకూడదు. ఆ మాట గువ్వ పొద్దున లేస్తూనే చెప్పింది, భోంచేస్తూ చెప్పింది, ఇప్పుడు కుర్చీ ఎక్కుతూ మళ్ళీ చెప్పింది. అమ్మ ప్రతిసారీ “సరేలే” అంది. పుట్టిన దగ్గర్నుంచీ వింటోంది కాబట్టి గువ్వకి తెలుసు, అమ్మ అనే సరే వేరు, సరేలే వేరు. సరే అంటే పని అయిపోయినట్టే. సరేలే అంటే, నువ్వు అంటూ ఉండు, నా దారిన నేను పోతాను అని.

గుడ్డ కింద చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. కుడిది కింద, ఎడమది దాని మీద. కుడిది అల్లరిది, ఎడమది దాని అక్క. “ఇప్పుడు నీ చెయ్యి ఎక్కడుంది?” అని అడుగుతుంది గువ్వ చూపించుకుంటున్న డాక్టరమ్మ మాటల మధ్యలో, టైమెంతయింది అన్నంత మామూలుగా. మానెయ్యమనదు. మానెయ్యమనడానికి ఇంట్లోనే మనుషులున్నారు, ఆ మాత్రానికి డాక్టరెందుకు? చెయ్యి ఎప్పుడు బయల్దేరిందో కనిపెట్టు, అంటుంది అంతే. మొదట్లో అది నెత్తికి చేరి, పని ముగించుకుని, మళ్ళీ ఒళ్ళోకొచ్చి కూర్చున్నాక గానీ గువ్వకి తెలిసేది కాదు. తర్వాత నెత్తి మీద ఉండగా పట్టుబడింది. తర్వాత చెవి దగ్గర. ఈమధ్య మోచెయ్యి మడత పడుతుండగానే దొరికిపోతోంది, గోడ దూకబోతున్న దొంగ కాలు పట్టుకున్నట్టు. కొన్ని రోజులు దొంగే గెలుస్తాడు. అలాంటి రోజున కూర్చుని ఏడవక్కర్లేదు, ఇవాళ వాడిది అనుకుని పడుకోవచ్చు, రేపనేది ఎటూ వస్తుంది. ఈ మాట కూడా డాక్టరమ్మదే. కాకపోతే దొంగ అన్న పోలిక మాత్రం గువ్వ సొంతం.

అమ్మ క్లిప్పులు తీస్తోంది. ఒక్కోటీ తీసి పెదాల మధ్య పెట్టుకుంటోంది, అందుకే మాట్లాడటం లేదని ఎవరైనా అనుకోవచ్చు. కానీ మిగతా తలల దగ్గర పెదాల్లో ఎన్ని క్లిప్పులున్నా అమ్మ మాట ఆగదు. ఆ సందుల్లోంచే కోడళ్ళకి ధైర్యం, అత్తలకి ఓదార్పు, ఇద్దరూ ఒకే రోజు వస్తే వాతావరణం గురించి మాటలు. గువ్వ తల దగ్గరికొచ్చేసరికే నోరు మూతపడుతుంది. చివరి క్లిప్పు ఊడింది. దాంతో పాటు సవరం కూడా వచ్చేసింది, అరచేతిలో పట్టేంత సవరం. అమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ దువ్వెనతో ఒకసారి దువ్వింది. అది గువ్వ జుట్టే. ఏడేళ్ళప్పుడు నడుం దాటిన జడని కత్తిరించి, పారెయ్యబుద్ధి కాక అమ్మ కాగితంలో చుట్టి దాచిన జుట్టు. “నీదే కదా, పరాయిది కాదు కదా” అంటూ సన్నటి వల మీద పోగు పోగూ పెట్టి రోజుల తరబడి కుట్టింది. ఏడేళ్ళ పిల్ల జుట్టు పదహారేళ్ళ పిల్ల నడినెత్తి మీద. ఆ ఏడేళ్ళ పిల్లకి ఏమీ తెలీదు, అది బల్లల మీంచి దూకేది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పాటలు పాడేది. దాని జుట్టు దొంగిలించి పెట్టుకు తిరుగుతున్నట్టు ఉండేది గువ్వకి. ఎంత బాగా కుట్టిందంటే గాలికి మిగతా జుట్టుతో పాటే లేచేది, పాటే వాలేది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. పల్లకీ మోసేది అమ్మే, ఈగలు తోలేదీ అమ్మే.

కత్తెర మొదలైంది. చెవి పక్కన చల్లగా, కరకరమని. మొదటి పాయ గుడ్డ మీదుగా జారి ఒళ్ళోకి వచ్చి ఆగింది. గువ్వ దాన్ని చూసింది. ఇలా నొప్పి లేకుండా, పద్ధతిగా, పట్టపగలు రాలడం దానికి కొత్త. ఎలా మొదలైందో ఎవరడిగినా చెప్పలేకపోయేది, ఎందుకంటే మొదలవుతున్నప్పుడు అది మొదలని తెలియలేదు. లెక్కల పుస్తకం ముందుంది, పక్కన కిటికీ ఉంది, ఎడమచేతిలో పెన్సిలుంది, ఆమెది ఎడమచేతి వాటం, అందుకని కుడిచెయ్యి ఖాళీగా ఉంది. ఖాళీ చెయ్యి ఊరికే ఉండదు కదా. అది పైకెళ్ళింది, పొలంలో కలుపు వెతికినట్టు వెతికింది, మిగతావాటి కంటే కాస్త మొరటుగా తగిలిన వెంట్రుక ఒకటి దొరికింది, లాగేసింది. ఆ క్షణంలో తలలో ఎప్పుడూ తిరిగే చక్రం, క్లాసులో ఫస్టు రావాలి, ఈతలోనూ రావాలి, అమ్మ చూస్తోంది, అందరూ చూస్తున్నారు అని గిరగిరా తిరిగే చక్రం టక్కుమని ఆగింది. ఎంత నిశ్శబ్దం! నీళ్ళ అడుగుకి వెళ్ళినప్పుడు తప్ప ఎక్కడా దొరకని నిశ్శబ్దం. మరుక్షణం చక్రం మళ్ళీ తిరిగింది, ఈసారి ఇంకో చువ్వ ఎక్కువతో: ఏమిటి నేను చేసిన పని? అంతే. ఆ తర్వాతి సంగతంతా ఆ నిశ్శబ్దాన్ని చిల్లరగా కొనుక్కోవడమే.

వేరే ఇంట్లో అయితే వారం తిరక్కుండానే బయటపడేది. మంచం కింద, పుస్తకాల మధ్య, కుర్చీ వెనక రాలిన వెంట్రుకలు చూసి ఏ తల్లయినా ఇదేమిటే అని అడిగేది. వీళ్ళ ఇల్లు సెలూను వెనకే, మధ్యలో ఒక్క తెర. ఈ ఇంట్లో వెంట్రుక లేని చోటుంటే అది వింత. సాక్సులకి అంటుకుని వస్తాయి, తువ్వాళ్ళలో ఉంటాయి, నాన్న మంచినీళ్ళ గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూసి గానీ తాగడు. సాయంత్రం సెలూను ఊడ్చేది గువ్వే. తన గుప్పెడు ఊరందరి గుప్పెళ్ళలో కలిసి చేటలోకి ఎక్కేది, ఎర్రరంగువీ తెల్లవీ ఉంగరాలవీ వాటి మధ్య తనవి. సముద్రంలో నీటిబొట్టు దాచినట్టు. అమ్మ మెచ్చుకునేది కూడా, మా అమ్మాయి చీపురు పడితే మూల మూలా వదలదు అని.

అమ్మకి తెలిసింది తలంటేటప్పుడు. స్కూలు ఫొటో రోజు, ఇదే గదిలో, ఆ మూల బేసిన్లో మెడ వెనక్కి పెట్టి పడుకుంది గువ్వ. అమ్మ వేళ్ళు నురగలో తిరుగుతూ తిరుగుతూ నడినెత్తి మీద ఆగాయి. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ వేళ్ళు ఎన్ని తలలు చూశాయి! చుండ్రు, తామర, పేనుకొరుకుడు, కాన్పు తర్వాత రాలేది, దిగులుతో రాలేది, అన్నీ వాటికి తెలుసు, చూడకుండా చెప్పగలవు. అందుకే అవి వాటికి తెలిసిన దాంట్లోనే వెతికాయి. “నీళ్ళు మారాయి, అందుకే” అంది అమ్మ. నూనె మార్చింది, షాంపూ మార్చింది, ఒకటి తర్వాత ఒకటి పూతలు పూసింది, మొక్క మొలవాల్సిన చోట ఎరువు వేసినట్టు. గువ్వ చెప్పలేదు. చెప్పడానికి మాటేది? పగలు అమ్మ పూసేది, చీకటిపడ్డాక చెయ్యి తన పని తను చేసుకునేది. పాపం నూనెకేం తెలుసు.

“తల వంచు” అంది అమ్మ. గువ్వ వంచింది. మెడ వెనక కత్తెర చల్లగా నడిచింది. వంచిన తలతో నేల కనిపిస్తోంది, నేల మీద తన జుట్టు కుప్పగా పడి ఉంది, ఇంత ఉందా నాకు అనుకుంది. ఉంది. చాలామందికి తెలీదు గానీ నెత్తి మీద ఒక్క చోట తప్ప మిగతాదంతా దట్టమైన జుట్టే. ఆ ఒక్క చోటే తనైపోయింది ఇన్నాళ్ళూ. క్లాసులో ఎవరైనా షాంపూ అంటే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నెత్తి తడుముకునేది. వానొస్తే చూరు కింద, గాలొస్తే గోడ వార, ఎవరైనా వెనక నించుంటే తను గోడకి ఆనుకునేది. పొడుగ్గా ఉన్నవాళ్ళంటే భయం. అప్పటికీ నీళ్ళు వదల్లేదు. టోపీ ఉందిగా, రబ్బరు టోపీ, లోపల ఏముందో లోకానికి అక్కర్లేదు. చేప అని పిలిచేవాడు మాస్టారు, ఏయ్ చేపా, మలుపు దగ్గర నిద్రపోతున్నావు, అని. ఒకరోజు పందెం అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో టోపీ లాగితే సవరం కూడా దాంతో వచ్చేసింది, క్లిప్పులతో సహా, టోపీ లోపల తడిసి ముద్దై, తల్లి వదిలేసిన ఎలుకపిల్లలా. తువ్వాలు కప్పేసుకుంది. చుట్టూ అరుపులు, నవ్వులు, ఎవరి గోల వాళ్ళది. ఎవరూ చూడలేదు. చూశారేమో. చూడలేదు. చూశారేమో. ఆ రెండు మాటల మధ్య ఇంటికి నడిచొచ్చి, నాకు కొలను నీళ్ళు పడటం లేదు, కళ్ళు మండుతున్నాయి అని చెప్పింది. అమ్మ వెంటనే నమ్మింది, ఊపిరి కూడా పీల్చుకుంది. నాన్నే చెంచా కింద పెట్టి, “చేప నీళ్ళొద్దంటోందంటే నీళ్ళది కాదు తప్పు. ఒంట్లోనో మనసులోనో ఏదో ఉంది. ఎవరికైనా చూపిద్దాం” అన్నాడు.

చూపించారు కూడా. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతో కుర్చీ కదిలింది, “ఊరుకో, చెవి తెగుతుంది” అంది అమ్మ. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు పొద్దున్నే అమ్మ గువ్వని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి గంటసేపు తల దువ్వింది. డాక్టరంటే పెద్దమనిషి, ఆయన దగ్గరికి చింపిరి తలతో తీసుకెళ్తారా ఎవరైనా? సవరం కొత్తగా ఉతికి, ఆరబెట్టి, అతికించి, మీద పలుచగా స్ప్రే కొట్టి, పాపిడి గీత గీసి, అసలు పెళ్ళివారు కూడా అంత శ్రద్ధ చూడరు. రోగాన్ని ఇంత చక్కగా ముస్తాబు చేసి రోగిష్టిని తీసుకెళ్ళిన ఘనత మా అమ్మది, అనుకుంది గువ్వ. ఆయన నాలుక చూశాడు, కనురెప్ప కిందకి లాగి చూశాడు, చదువుతున్నావా అన్నాడు. అమ్మ మొదలుపెట్టింది, జుట్టు కాస్త, అని. ఆయన తలెత్తి చూసి, “ఇంత ఒత్తుగా ఉంటే ఇంకేం కావాలమ్మా? మా ఇంట్లో వాళ్ళు చూస్తే కుళ్ళుకుంటారు” అని నవ్వి టానిక్ రాసిచ్చాడు. అమ్మ అటు సంతోషం పట్టలేకా ఇటు అసలు మాట చెప్పలేకా కుర్చీ అంచున కూర్చుని ఆ కాగితం మడతలు పెట్టింది. బయటికొచ్చాక ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. తన చేతిపనిని మెచ్చుకున్నందుకు అమ్మ ముఖంలో ఒక వెలుగు, ఆ వెలుగుకే సిగ్గుపడుతున్న చీకటి, రెండూ ఒకేసారి. ఆ ముఖం చూశాకే గువ్వకి అర్థమైంది, దీన్ని అమ్మ బాగు చెయ్యలేదని. చెయ్యాలని లేక కాదు. మంచి వైపే చూపించడం ఆ చేతుల వృత్తి.

రెండో డాక్టరుని గువ్వే వెతుక్కుంది. స్కూల్లో ఒకామె వచ్చి, మీకు మనసులో ఏదైనా బాధ ఉంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండని చెప్పి వెళ్ళిందొకసారి, అందరూ నవ్వారు, గువ్వ కూడా నవ్వింది, నవ్వుతూనే గుర్తుపెట్టుకుంది. నాన్న తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చెప్పులు విప్పి కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, చాలాసేపు ఈత గురించి అడిగింది, ఏ ఈత, ఎంత దూరం, నీళ్ళ అడుగున ఎలా ఉంటుంది. మధ్యలో, “పదహారేళ్ళ పిల్ల పాపిడి ఇంత తిన్నగా ఉండటం నేనెక్కడా చూళ్ళేదు, ఎవరు తీస్తారు?” అంది. గువ్వ కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే వచ్చాయి, ఏడుపు తర్వాతొచ్చింది. సవరం తనే తీసి ఆమె బల్ల మీద పెట్టింది. ఆమె ఉలిక్కిపడలేదు, అయ్యో అనలేదు. దీనికో పేరుంది, అంది. నీలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ వయసులోనే మొదలవుతుంది ఎక్కువగా, ఇది పిచ్చి కాదు, పొగరు కాదు, చెడ్డ అలవాటని తిడితే పోయేది కాదు, నిదానంగా తగ్గుతుంది, వెళ్ళి మళ్ళీ వస్తుంది, వచ్చినా భయపడక్కర్లేదు. పేరుందా! తన ఒక్కదాని నేరమనుకున్నదానికి ఒక పేరు, పేరంటే దాన్ని ఇంకెవరో ముందే చూశారని. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, తెరిచిన కిటికీ పక్కన. అమ్మని కూడా పిలిచిందామె తర్వాత. అమ్మ లోపలికెళ్తూనే, “నేనేం తక్కువ చేశానండీ దీనికి?” అంది. “ఏమీ తక్కువ చెయ్యలేదు. మీ చేతిపని చూశాను, చాలా బాగుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు” అంది ఆమె. అమ్మ ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మూడోరోజు తెర అవతల నాన్నతో అన్నది గువ్వ విన్నది: “నా కూతురి నెత్తే అలా ఉందని తెలిస్తే నా చేతికి తల ఎవరిస్తారు?” నాన్న అన్నాడు, “దాని తల నీ సైన్‌బోర్డు కాదే.”

అమ్మ తప్పేం లేదు. ఇది గువ్వ కోపంగా అనుకోవడం లేదు, దయతో కూడా కాదు, చెవి పక్కన కత్తెర నడుస్తున్న ఆ చెయ్యి ఎంత నిబ్బరంగా ఉందో చూస్తూ అనుకుంటోంది. ఇంత నిబ్బరమైన చెయ్యి తనకీ వస్తుంది, ఆ చెయ్యి పోలికే. కాకపోతే తన చెయ్యి ముందు దారి తప్పింది, ఇప్పుడు దారికొస్తోంది. నడినెత్తిలో మొలకలొస్తున్నాయి, వేలికి తగులుతున్నాయి, గడ్డం గీసుకున్న మర్నాడు నాన్న చెంపలాగా. వాటి మీద ఇంకో జుట్టు కప్పితే వాటికి ఎండెలా తగులుతుంది? మొన్న మాస్టారికి ఫోన్ చేసి, వస్తాను, అంది. ఇన్నాళ్ళూ ఏమైందని అడగలేదాయన. “వస్తే రా. మలుపు దగ్గర నిద్రపోతే ఊరుకోను” అన్నాడు. అంతే కావాలి. టోపీ తీసినా పెట్టినా ఒకటే తలతో వెళ్ళాలి, గది నిండా ఆడపిల్లలు చూస్తే చూడనీ. చూసేశాక ఇంకేం చూస్తారు?

“ఇటు చూడు” అంది అమ్మ.

చూసింది. అద్దంలో ఎవరో కొత్త పిల్ల. చెవులు బయటికొచ్చాయి, మెడ పొడుగైంది, దవడ ఎముక ఒకటుందని ఇప్పుడే తెలుస్తోంది. చుట్టూ అంతా పొట్టిగా, సమంగా, అమ్మ చెయ్యి కదా. ఒక్క నుదుటి పైన మాత్రం పిడికెడు జుట్టు అలాగే ఉంది, పొడుగ్గా. దాన్ని అమ్మ వెనక్కి, కాస్త పక్కకి దువ్వింది. అది వంపు తిరిగి వెళ్ళి సరిగ్గా నడినెత్తి మీద వాలింది.

“ఇదొక్కటీ ఉండనీ” అంది అమ్మ, చిన్నగా. “అందరూ ఇలాగే చేయించుకుంటున్నారిప్పుడు. ఎంత బాగుందో చూడు, నీ ముఖానికి.”

బాగుంది. అదే కష్టం. నిజంగా, ఒట్టేసి చెప్పినా, బాగుంది. ఏమీ లేనట్టే ఉంది, ఎప్పుడూ ఏమీ జరగనట్టే ఉంది. ఇలాగే లేచి వెళ్ళిపోవచ్చు, అమ్మ సంతోషిస్తుంది, మొలకలెలాగూ వస్తున్నాయి, ఆలోగా ఈ పాయ కాపలా ఉంటుంది, ఎవరికేం నష్టం? గువ్వ మనసు ఒక్క అడుగు అటు వేసింది. వేసి, ఆ పాయతో పాటు రేపటిలోకి నడిచి చూసింది. మెట్ల మీద గాలి, చెయ్యి పాయ మీదకి. బస్సులో వెనక ఎవరో, చెయ్యి పాయ మీదకి. కొలనులోంచి పైకి రాగానే, ఊపిరి పీల్చకముందే, చెయ్యి పాయ మీదకి. కాపలా కాసేది పాయ కాదు, తనే. పొద్దస్తమానం నెత్తి మీదే ఉండే చెయ్యికి అక్కడ ఇంకేం పని దొరుకుతుందో తనకి బాగా తెలుసు.

“తీసెయ్యమ్మా.”

“చివర్లో తీస్తాలే. ముందు మెడ దగ్గర సరిచెయ్యనీ.”

“చివర్లోకే వచ్చాం. తీసెయ్.”

అమ్మ దువ్వెన ఆ పాయ మీద అలాగే ఆగింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. అట్ట తిప్పింది గానీ గడియ వెయ్యలేదు అమ్మ. “లైటు వెలుగుతోంది, మాటలు వినపడుతున్నాయి, అట్ట మీద మాత్రం మూసి ఉందట! నా దగ్గరా ఈ ఆటలు?” అంటూ లోపలికొచ్చేసింది లెక్కల టీచరు. గువ్వ స్కూలు టీచరే. తలకి రంగు వేయించుకోవడానికి అమ్మ దగ్గరికే వస్తుంది, ఆ సంగతి స్కూల్లో ఎవరికీ తెలీదని ఆవిడ నమ్మకం. “సాయంత్రం మా చెల్లెలు దిగుతోంది, ఈ పాపిడి తెల్లగా చూసిందంటే నన్ను అక్కా అనదు, అమ్మమ్మా అంటుంది. ఒక్క అరగంట…”

టీచరు మాట పూర్తి కాకముందే గువ్వకి చీకటైపోయింది. అమ్మ తువ్వాలు వేసేసింది తల మీద. ఆలోచించి వేసింది కాదు, పాలు పొంగితే చెయ్యి వెళ్ళినట్టు వెళ్ళింది. తువ్వాలు లోపల వెచ్చగా ఉంది, సబ్బు వాసన, తన ఊపిరి తనకే వినపడుతోంది. బయట అమ్మ గొంతు, ఎవరికో చెప్పే అబద్ధానికి తయారవుతున్న గొంతు, “ఏం లేదండీ, పిల్లకి తలంటాను…” ఎంత సుఖంగా ఉంది ఇక్కడ. నీళ్ళ అడుగున ఉన్నట్టే ఉంది. ఇలాగే ఉండిపోతే టీచరు వెళ్ళిపోతుంది, సాయంత్రం అయిపోతుంది, పాయ ఉండిపోతుంది, మాస్టారు కాసేపు చూసి తాళం వేసుకుని వెళ్ళిపోతాడు. గుడ్డ కింద కుడిచెయ్యి బయల్దేరింది. మోచెయ్యి మడత పడుతోంది. ఎడమచెయ్యి దాని మణికట్టు పట్టుకుంది. ఎక్కడికి? పైకి. సరే పద, పని ఉంది పైన, ఇద్దరం వెళ్దాం. రెండు చేతులూ గుడ్డలోంచి బయటికొచ్చాయి, తువ్వాలు లాగి ఒళ్ళో పడేశాయి. లాగిన ఊపుకి పాయ ముందుకొచ్చి కళ్ళ మీద పడింది. నడినెత్తి బయటపడింది.

టీచరు చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది, ఆవిడ నించున్నది వెనకే.

“అదేమిటే? పేలా?”

“పేలు కాదు టీచర్. నేనే పీక్కున్నాను.”

అనేశాక ఆ మాట గదిలో నిలబడింది, కొత్తగా కొన్న సామానులాగా, ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియకుండా. అద్దంలో అమ్మ ముఖం తెల్లబోయింది.

“ఎందుకూ?” అంది టీచరు.

“ఎందుకో తెలిస్తే పీక్కోనుగా. అదో జబ్బు టీచర్, దానికి పేరు కూడా ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. తగ్గుతోంది.”

“జబ్బా…” టీచరు పర్సు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు పైకి చూసింది. “నా క్లాసు వల్ల కాదు కదా?”

“మీ లెక్కలకి కొన్ని పోయాయి. అన్నీ మీ మీదే వెయ్యను.”

ఆవిడకి నవ్వాలో వద్దో తెలియలేదు. “ఇంత మంచి జుట్టు” అంది నేలకేసి చూస్తూ. ఆ తర్వాత ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు అనే మాట ఆవిడ కూడా అంది, “మనసు కాస్త గట్టి చేసుకోవాలమ్మా.”

“మనసు గట్టిదే టీచర్. లేకపోతే ఈ తువ్వాలు తీసేదాన్నా?”

గువ్వ అమ్మని చూడలేదు, చూడాలనీ ఉంది, భయంగానూ ఉంది. తను చేయగలిగింది చేసింది, కత్తెర మాత్రం తన చేతిలో లేదు. తన వెనక కొయ్యబారినట్టు నించున్న అమ్మ పొట్ట కుర్చీ వీపుకి తగిలి ఉంది, ఊపిరితో పాటు కుర్చీ కదులుతోంది, ఒకసారి, ఇంకోసారి. తర్వాత అమ్మ గొంతు సవరించుకుంది. క్లిప్పుల సందుల్లోంచి ఊరందరితో మాట్లాడే గొంతే.

“అలా కూర్చోండి టీచర్ గారూ. మా అమ్మాయి తల మధ్యలో ఉంది. ఇది పూర్తయ్యాక మీ రంగు కలుపుతాను.”

కళ్ళ మీద పడ్డ పాయని రెండు వేళ్ళ మధ్య పట్టింది. గువ్వ కళ్ళు మూసుకుంది. కరక్కుమంది ఒక్కసారే. వెలుతురు రెప్పల మీద పడింది. ఆ తర్వాత మెషీను తుమ్మెదలా ఝుమ్మంటూ నుదుటి నుంచి వెనక్కి నడిచింది, ఆగలేదు, ఆ చోటికొచ్చినప్పుడు కూడా పక్కకి తప్పుకోలేదు, మొలకల మీద నుంచి తేలిగ్గా, వాటికి తగలకుండా దాటింది. మెషీను ఆగింది. అక్కడ అమ్మ వేలు తగిలింది, నూనె లేని, పూత లేని, ఉత్తి వేలు. కాస్త తడిగా ఉంది. ఒకసారి చుట్టూ తిరిగింది, లోపలికి జరిగింది, మొలకలకి ఎదురు దువ్వింది, మళ్ళీ వాలుకి దువ్వింది. తర్వాత, గోడకి వేలాడే చేతి అద్దం తీసి, మెడ వెనక పట్టింది, పని పూర్తయ్యాక ఎవరి తలకైనా పట్టినట్టే.

గువ్వ ఆ చోటుని ఇంతవరకూ చూడలేదు. ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే సరిపోయేది, తీసుకోలేదు. వేళ్ళతోనే తెలుసు దాన్ని, చీకట్లో, తడిమి తడిమి, వేళ్ళు చెప్పిన లెక్క ప్రకారం అది తలలో సగం, ఒక్కోరోజు తలంతా. ఊడిన పన్ను చోటు నాలుకకి గుహలా తగిలినట్టు. ఇప్పుడు ఒక అద్దంలోంచి ఇంకో అద్దంలోకి వంగి చూసింది. నాణెం కంటే కాస్త పెద్దది. అంచులు తిన్నగా లేవు. లోపలంతా సన్నటి నల్లటి చుక్కలు, దగ్గర దగ్గరగా.

“ఇంతేనా?” అంది గువ్వ.

“ఇంతే” అంది అమ్మ. మెత్తటి బ్రష్షుతో మెడ దులిపింది, చెవుల వెనక దులిపింది, గుడ్డ విప్పి విదిలించింది. కాలితో తొక్కితే కుర్చీ కిందకి దిగింది. గువ్వ కాళ్ళు నేలకి ఆనాయి.

“ఐదవుతోంది, వెళ్ళు మరి” అంది అమ్మ, రంగు గిన్నె కోసం అటు తిరుగుతూ. “ఇప్పుడు జుట్టు అడ్డం లేదు, చెవుల్లోకి నీళ్ళు తిన్నగా పోతాయి. దూది పెట్టుకో.”